రైల్వే కంపెనీలు కలిసిపోతే ఉద్యోగుల సంగతేంటి? 'ఆరేళ్ళ జీతం' ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మా బావగారు అమెరికాలో నార్ఫోక్ సదరన్ రైల్వేలో, ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపులో మెషినిస్టు. ఆ కంపెనీని యూనియన్ పసిఫిక్ కొనేస్తోందని 2025 జూలైలో ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. "ఏం పర్లేదు, ఆరేళ్ళ జీతం చట్టంలోనే రాసి ఉంది" అని షాపులో తోటివాళ్ళు అంటున్నారట. నిజమేనా? ప్రైవేటు కంపెనీలో ఇలాంటి రక్షణ ఎలా వచ్చింది?

సమాధానం:

తోటివాళ్ళు చెప్పింది చాలావరకు నిజమే. కాకపోతే చట్టం కాపాడేది జీతాన్ని, ఉద్యోగాన్ని కాదు. అది కూడా విలీనం వల్లే నష్టం జరిగిందని తేలినప్పుడు మాత్రమే. నేను అమెరికాలో ఒక రైల్వే యూనియన్ ఆఫీసులో చాలా ఏళ్ళు ఇలాంటి క్లెయిములు రాసిపెట్టేదాన్ని. ఈ తేడా ముందే తెలిసినవాళ్ళు నిలదొక్కుకున్నారు, తెలియనివాళ్ళు గడువులు దాటిపోయాక మా దగ్గరికి వచ్చేవాళ్ళు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మనకు రైల్వే అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసినా, అంతకుముందు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసినా, బదిలీలూ బ్రాంచీల మూసివేతలూ ఎన్ని ఉన్నా ఉద్యోగం మాత్రం పోదని అందరికీ ధైర్యం ఉంది. అమెరికాలో సరుకు రవాణా చేసే పెద్ద రైల్వేలన్నీ ప్రైవేటువి. ఒకే రెండు ఊళ్ళ మధ్య రెండు మూడు కంపెనీలు పక్కపక్కనే లైన్లు వేసుకున్న దేశం అది. రెండు కంపెనీలు కలిస్తే ఒక యార్డు అక్కర్లేకుండా పోతుంది, ఒక షాపు అక్కర్లేకుండా పోతుంది, ఒక అకౌంట్స్ ఆఫీసు అక్కర్లేకుండా పోతుంది. విలీనంతో ఇంత ఆదా అవుతుందని వాటాదారులకు చూపించే లెక్కలో పెద్ద భాగం మనుషుల జీతాలే.

ఇంకో సంగతి. రైల్వే కార్మికుడి ఆస్తి అతని సీనియారిటీ. ఏ డ్యూటీ దొరుకుతుంది, రాత్రి పనా పగలు పనా, లేఆఫ్ వస్తే ముందు ఎవరు బయటికి వెళ్తారు, అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. ఆ సీనియారిటీ ఆ కంపెనీలో, ఆ డివిజన్‌లో, ఆ క్రాఫ్ట్‌లో (అంటే ఆ రకం పనిలో) మాత్రమే చెల్లుతుంది. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి పక్క కంపెనీకి వెళ్తే కొత్తగా చేరిన కుర్రాడి కింద నిలబడాలి. పైగా చాలా ఊళ్ళు రైల్వే షాపు మీదే బతికేవి. షాపు మూతపడితే ఉద్యోగంతో పాటు ఇంటి ధర కూడా పడిపోయేది. ఇవన్నీ కళ్ళారా చూసినవాళ్ళు రాసుకున్న షరతులు కాబట్టే వీటిలో ఇల్లు అమ్మితే వచ్చే నష్టానికి కూడా ఒక నిబంధన ఉంది.

కథ 1920లో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం చేతిలో ఉన్న రైల్వేలను తిరిగి కంపెనీలకు అప్పగిస్తూ చేసిన చట్టం విలీనాలను ప్రోత్సహించింది. బలహీనమైన లైన్లను బలమైనవాటితో కలిపి కొద్ది పెద్ద వ్యవస్థలుగా చేయాలని ఆలోచన. కార్మికుల గురించి ఆ ప్రణాళికలో చెప్పుకోదగ్గ ఊసు లేదు. అప్పటికి రైల్వేల్లో సుమారు 20 లక్షల మంది పనిచేసేవాళ్ళు. మాంద్యం దెబ్బకు 1933 నాటికి ఆ సంఖ్య 10 లక్షల లోపుకు పడిపోయింది.

1933 జూన్‌లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అత్యవసర రైల్వే చట్టం తెచ్చింది. జోసెఫ్ ఈస్ట్‌మన్‌ను ఫెడరల్ కోఆర్డినేటర్‌గా పెట్టి, కంపెనీల మధ్య దుబారాను తగ్గించమంది. యూనియన్లు పట్టుబట్టి అందులో ఒక నిబంధన పెట్టించాయి. ఈ చట్టం కింద చేసే ఏ మార్పు వల్లా ఉద్యోగుల సంఖ్య 1933 మే నెలలో ఉన్నదానికంటే తగ్గకూడదు. మరణాలు, రిటైర్మెంట్లు, రాజీనామాల వల్ల తగ్గితే సరే, అదీ ఏడాదికి 5 శాతం మించకూడదు. మనుషుల్ని తగ్గించకుండా వచ్చే ఆదా కంపెనీలకు పెద్దగా ఆనలేదు. ఈస్ట్‌మన్ నివేదికలు రాస్తూ ఉన్నాడు, కంపెనీలు కదల్లేదు. విలీనాలను తమ షరతుల మీద ఆపగలమని కార్మిక సంఘాలకు మొదటిసారి అర్థమైంది అప్పుడే.

ఆ చట్టం గడువు 1936 జూన్‌లో ముగియాలి. అది పోతే విలీనాలకు అడ్డు ఉండదని యూనియన్లకు భయం. దాని స్థానంలో ఇంకా గట్టి చట్టం వస్తుందేమోనని కంపెనీలకు భయం, ఎందుకంటే అలాంటి బిల్లు ఒకటి అప్పటికే కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో ఉంది. మీరూ మీరూ కూర్చుని తేల్చుకోండని రూజ్‌వెల్ట్ ఇద్దరికీ చెప్పాడు. అలా 1936 మే 21న 21 యూనియన్లకూ, దేశంలోని చాలా పెద్ద రైల్వేలకూ మధ్య వాషింగ్టన్ జాబ్ ప్రొటెక్షన్ అగ్రిమెంట్ కుదిరింది. మీ బావగారికి ఇవాళ వర్తించే షరతులకు తల్లివేరు ఇదే.

అందులో ఏముందో చూడండి. రెండు కంపెనీలు పనులు కలపాలంటే కనీసం 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరిని ఎక్కడ సర్దాలో యూనియన్‌తో ఒప్పందం చేసుకోవాలి. ఉద్యోగం ఉండి జీతం తగ్గితే 5 ఏళ్ళ వరకు ఆ తేడా కంపెనీయే ఇవ్వాలి. ఉద్యోగమే పోతే అంతకుముందు 12 నెలల సగటు జీతంలో 60 శాతం నెలనెలా ఇవ్వాలి. సర్వీసు ఏడాది దాటినవాళ్ళకు 6 నెలల పాటు, 15 ఏళ్ళు దాటినవాళ్ళకు 60 నెలల పాటు. అదంతా వద్దనుకుంటే ఒకేసారి కొంత మొత్తం తీసుకుని వెళ్ళిపోవచ్చు. సర్వీసు 5 ఏళ్ళు దాటితే అది 12 నెలల జీతం. ఊరు మారాల్సి వస్తే సామాన్ల ఖర్చు, ఇల్లు నష్టానికి అమ్ముకోవాల్సి వస్తే ఆ నష్టం కంపెనీవే. సోషల్ సెక్యూరిటీ చెక్కులు ఇంకా ఎవరి చేతికీ రాని రోజుల్లో ఇది రాసుకున్నారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అందులో ఒక గట్టి పరిమితి కూడా ఉంది. సరుకు తగ్గి లేఆఫ్ అయితే, బొగ్గుకు గిరాకీ పడిపోతే, కంపెనీ తన సొంత ఇంట్లో మార్పులు చేసుకుంటే ఈ రక్షణ వర్తించదు. రెండు కంపెనీలు కలవడం వల్ల జరిగితేనే. ఆ గీత ఇవాళ్టికీ అక్కడే ఉంది. క్లెయిముల మీద జరిగే గొడవల్లో చాలావరకు దాని దగ్గరే.

ఒప్పందం ఒకటి ఉంటే చాలదు, ప్రభుత్వం దాన్ని షరతుగా పెట్టగలదా అన్న ప్రశ్న 1939లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. దివాలాలో ఉన్న రాక్ ఐలాండ్ రైల్వేను ట్రస్టీలు నడుపుతున్నారు. వాళ్ళలో ఒకరు ఇల్లినాయ్ మాజీ గవర్నర్ ఫ్రాంక్ లౌడెన్. తమ అనుబంధ లైను ఒకదాన్ని లీజుకు తీసుకుంటామని వాళ్ళు అడిగితే, సరే కానీ నష్టపోయే ఉద్యోగులకు పరిహారం ఇవ్వాలని రైల్వేలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అంది. ఆ అధికారం కమిషన్‌కు లేదని ట్రస్టీలు కోర్టుకెక్కారు. కమిషన్ చేసింది సబబేనని జస్టిస్ స్టోన్ తీర్పు రాశారు. కార్మికుల మనోబలం దెబ్బతింటే రైళ్ళు నడవడమే దెబ్బతింటుంది, కాబట్టి వాళ్ళను చూసుకోవడం ప్రజా ప్రయోజనంలో భాగమేనన్నది ఆ తీర్పు సారం. రాక్ ఐలాండ్ పేరు గుర్తుంచుకోండి, కిందికి వెళ్ళాక మళ్ళీ వస్తుంది.

కమిషన్ 'పెట్టవచ్చు' అన్నది 1940లో 'పెట్టి తీరాలి' అయింది. ఆ ఏడాది బిల్లు చర్చలో అయోవా ప్రతినిధి విన్సెంట్ హారింగ్టన్ విలీనం వల్ల ఒక్కరి ఉద్యోగం కూడా పోకూడదని సవరణ పెట్టాడు. అలాగైతే విలీనాలే ఉండవని కంపెనీలు గోల చేశాయి. చివరికి రాజీ కుదిరింది. విలీనం ఉత్తర్వు అమల్లోకి వచ్చిన నాలుగేళ్ళ దాకా ఉద్యోగి పరిస్థితి మునుపటికంటే దిగజారకూడదు. ఆ వాక్యానికి అర్థమేంటని తర్వాత ఇరవై ఏళ్ళు వాదనలు నడిచాయి. ఈరీ, లాకవానా రైల్వేలు కలిసినప్పుడు ట్రాక్ పనివాళ్ళ యూనియన్ 1961లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, దిగజారకూడదంటే ఉద్యోగంలోనే ఉంచాలి కదా అని అడిగింది. అక్కర్లేదు, డబ్బు ఇస్తే చాలని కోర్టు చెప్పింది. నేను మొదట్లో జీతాన్నీ ఉద్యోగాన్నీ వేరు చేసి చెప్పింది ఈ తీర్పును దృష్టిలో పెట్టుకునే.

చట్టం ఇవ్వని ఉద్యోగ హామీని యూనియన్లు బేరమాడి సంపాదించాయి. విలీనానికి కమిషన్ అనుమతి కావాలంటే యూనియన్ల వ్యతిరేకత లేకపోవడం కంపెనీలకు చాలా విలువైన విషయం. 1959లో నార్ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే వర్జీనియన్ రైల్వేను కలుపుకున్నప్పుడు ఎవరినీ తీసేయమని, రిటైర్మెంట్లతో ఖాళీ అయినప్పుడే పోస్టులు తగ్గించుకుంటామని ఒప్పుకుంది. 1964లో పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలు ఇంకో అడుగు ముందుకేసి, విలీనానికి మద్దతిస్తే జీవితాంతం రక్షణ ఇస్తామని సంతకం పెట్టాయి. 1968 ఫిబ్రవరి 1న రెండూ కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి. ఒప్పందం 1964 నాటిది కాబట్టి ఈలోపు లేఆఫ్ అయినవాళ్ళను కూడా వెనక్కి పిలవాల్సి వచ్చింది. 1970 జూన్ 21న, అంటే రెండున్నరేళ్ళు కూడా తిరక్కుండా, పెన్ సెంట్రల్ దివాలా తీసింది. అప్పటికి అమెరికా చరిత్రలో అంత పెద్ద దివాలా లేదు.

కార్మికులకు ఇచ్చిన హామీలే కంపెనీని ముంచాయని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. రెండు కంపెనీల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు, వ్యాగన్లు యార్డుల్లో తప్పిపోయాయి, ఈశాన్యంలో పరిశ్రమలు తరలిపోతున్నాయి, నష్టం తెచ్చే ప్యాసింజర్ రైళ్ళను మోయాల్సి వచ్చింది. జీవితకాల హామీ ఖర్చు నిజమే, కానీ అదొక్కటే కారణమనడం అన్యాయం.

దివాలా వచ్చాక మోయాల్సిన బరువు ప్రభుత్వం మీద పడింది. 1971 మే 1న ప్యాసింజర్ రైళ్ళు నడపడానికి ప్రభుత్వం పెట్టిన ఆమ్‌ట్రాక్ మొదలైనప్పుడు ప్యాసింజర్ రైళ్ళు ఆగిపోయి నష్టపోయేవాళ్ళకు రక్షణ ఆరేళ్ళని కార్మిక శాఖ మంత్రి ధ్రువీకరించాడు. ఆరేళ్ళ అంకె పుట్టింది అక్కడ. ఈశాన్యంలో కుప్పకూలిన రైల్వేలను కలిపి కాన్‌రైల్ చేయడానికి 1973 చివర్లో చేసిన చట్టం ఇంకా ఉదారంగా ఉంది. 5 ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకు 65వ ఏడు వచ్చేదాకా నెలనెలా భత్యం. దానికి 25 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ డబ్బు సరిపోలేదు, 1981లో ఆ పథకాన్నే ఎత్తేసి చిన్న మొత్తాలతో సరిపెట్టారు. మాట ఇచ్చింది సాక్షాత్తూ అమెరికా కాంగ్రెస్. తీసేసింది కూడా అదే.

1976లో కాంగ్రెస్ ఆమ్‌ట్రాక్ షరతులనూ పాత షరతులనూ కలిపి, ఇకపై ఏ విలీనంలోనైనా వీటికి తక్కువ కాకుండా ఇవ్వాలంది. ఆ మాట ప్రకారం కమిషన్ పూర్తి షరతులు రాసింది 1979లో. ఏ కేసులోనో తెలుసా? బ్రూక్లిన్ రేవులో బార్జీల మీద వ్యాగన్లను అటూ ఇటూ దాటించే న్యూయార్క్ డాక్ అనే బుల్లి రైల్వే పక్కనున్న ఇంకో బుల్లి రైల్వేను కొన్న కేసులో. అప్పట్నుంచి ఖండాన్ని దాటే విలీనాలకు కూడా 'న్యూయార్క్ డాక్ కండిషన్స్' అనే పేరే నిలిచిపోయింది. షాపులో మీ బావగారు వింటున్న ఆరేళ్ళు ఇవే. 1936 ఒప్పందంలోని 60 శాతానికి బదులు ఇందులో పూర్తి సగటు జీతం. సర్వీసు ఆరేళ్ళకంటే తక్కువుంటే మాత్రం రక్షణ కూడా అంతకాలమే.

ఇప్పుడు రాక్ ఐలాండ్ దగ్గరికి వద్దాం. 1939లో కార్మికుల హక్కుకు కోర్టు ముద్ర తెచ్చిన ఆ రైల్వే మళ్ళీ దివాలా తీసి, 1980 మార్చిలో పూర్తిగా మూతపడింది. విలీనం లేదు, కొనేవాడు లేడు. లైన్లు ముక్కలుగా అమ్ముడుపోయాయి. ఉద్యోగులకు 7.5 కోట్ల డాలర్ల వరకు ఆ కంపెనీ ఆస్తి నుంచే ఇవ్వాలని కాంగ్రెస్ చట్టం చేసింది. ఒక్క కంపెనీ కోసం దివాలా చట్టం చేయడం రాజ్యాంగం అడిగే ఏకరూపతకు విరుద్ధమని 1982లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే రైల్వే, అదే కోర్టు, మధ్యలో 43 ఏళ్ళు. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే ఈ రక్షణ దేనిమీద నిలబడి ఉందో తెలుస్తుంది. కొనే కంపెనీకి విలీనం కావాలి, దానికి ప్రభుత్వం అనుమతి కావాలి, ఆ అనుమతికి ధరగా కార్మికుడికి వాటా దొరుకుతోంది. కొనేవాడు లేనప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

జీవితకాల ఒప్పందాల సంగతి 1991లో తేలింది. 1966లో అట్లాంటిక్ కోస్ట్ లైన్, సీబోర్డ్ రైల్వేలు కలిసేముందు చేసుకున్న ఒప్పందాన్ని కార్మికులు ఆరెంజ్ బుక్ అంటారు. దాని కింద ఉన్నవాళ్ళకు పనిచేసినంత కాలం రక్షణ. ఆ కంపెనీలు తర్వాత సీఎస్ఎక్స్ అనే పెద్ద రైల్వేలో భాగమయ్యాయి. జార్జియాలోని వేక్రాస్‌లో వ్యాగన్లు బాగుచేసే షాపు పనిని కెంటకీలోని రేస్‌ల్యాండ్‌కు మార్చాలని సీఎస్ఎక్స్ అనుకుంది. కార్మికుల ఒప్పందం అడ్డొచ్చింది. కమిషన్ ఆమోదించిన విలీనాన్ని అమలు చేయడానికి అవసరమైతే యూనియన్ ఒప్పందాన్ని కూడా పక్కన పెట్టవచ్చని సుప్రీంకోర్టు మెజారిటీతో చెప్పింది. జస్టిస్ స్టీవెన్స్ విభేదించారు. ఈ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 1966లో ఆ షరతు చూసి విలీనానికి సరేనన్న మనుషులు తమ వంతు ఎప్పుడో ఇచ్చేశారు. వాళ్ళకు రావాల్సింది మాత్రం తర్వాతి విలీనం పేరు చెప్పి తగ్గించడం ఏం న్యాయం?

1980ల్లో లైన్లను చిన్న కంపెనీలకు అమ్మేటప్పుడు ఈ షరతులు లేకుండా చేసుకునే దారి కూడా కమిషన్ తెరిచింది. 1996లో కమిషన్ స్థానంలో సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు వచ్చింది. చిన్న రైల్వేలు తమలో తాము కలిసేటప్పుడు రక్షణను తగ్గించారు, కొన్నిచోట్ల పూర్తిగా తీసేశారు. పెద్ద రైల్వేల విలీనానికి మాత్రం న్యూయార్క్ డాక్ షరతులు అలాగే ఉన్నాయి. యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్‌ను కలుపుకున్నప్పుడూ, 1999లో కాన్‌రైల్‌ను సీఎస్ఎక్స్, నార్ఫోక్ సదరన్ పంచుకున్నప్పుడూ, 2023లో కెనడియన్ పసిఫిక్, కాన్సాస్ సిటీ సదరన్ కలిసినప్పుడూ అవే. ఇప్పటి 8,500 కోట్ల డాలర్ల విలీనానికి బోర్డు ఒప్పుకుంటే అందులోనూ అవి తప్పనిసరి. పైగా యూనియన్ పసిఫిక్ 2025 సెప్టెంబరులో స్మార్ట్-టీడీ అనే యూనియన్‌తో ఉద్యోగ జీవితమంతటికీ హామీ ఒప్పందం ప్రకటించింది. అది రైళ్ళ మీద పనిచేసే కండక్టర్ల వంటి వాళ్ళ యూనియన్. మీ బావగారు మెషినిస్టు కాబట్టి ఆయన యూనియన్ ఏం కుదుర్చుకుందో విడిగా కనుక్కోవాలి. ఒక క్రాఫ్ట్ ఒప్పందం ఇంకో క్రాఫ్ట్‌కు వర్తించదు.

ఇక ఆయన చేయాల్సిన పనులు. విలీనం ఆమోదం పొందినంత మాత్రాన ఎవరికీ చెక్కు రాదు. ఫలానా మార్పు చేస్తున్నామని కంపెనీ 90 రోజుల ముందు నోటీసు ఇస్తుంది, యూనియన్‌తో ఇంప్లిమెంటింగ్ అగ్రిమెంట్ చేసుకుంటుంది, కుదరకపోతే ఆర్బిట్రేటర్ తేలుస్తాడు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలి, సీనియారిటీ జాబితాలు ఎలా కలపాలి అన్నవన్నీ ఆ కాగితంలో ఉంటాయి. పని వేరే ఊరికి పోతే దానితోపాటు వెళ్ళనివాళ్ళ సంగతి ఏంటన్నది కూడా అందులోనే చూసుకోవాలి. ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవమనండి.

జీతం తేడా లెక్కకు ఆధారం టెస్ట్ పీరియడ్. దెబ్బ తగలడానికి ముందు పనిచేసిన 12 నెలల మొత్తం సంపాదన, ఓవర్‌టైమ్‌తో సహా, నెలకు సగటు తీస్తారు. అందుకే పే స్లిప్పులు ఒక్కటి కూడా పారేయకూడదు. ఆ తర్వాత సొంతంగా సెలవు పెట్టిన రోజులకు కోత ఉంటుంది. ఊరు మారక్కర్లేకుండా తన సీనియారిటీకి దొరికే ఎక్కువ జీతం పోస్టు ఉన్నా తీసుకోకపోతే, తీసుకున్నట్టే లెక్కేస్తారు. నేను చూసిన క్లెయిముల్లో ఎక్కువ డబ్బు పోయింది ఇక్కడే. రాత్రి డ్యూటీ ఇష్టం లేక తక్కువ జీతం పోస్టు తీసుకున్నవాళ్ళు తేడా మొత్తం కంపెనీ ఇస్తుందనుకునేవాళ్ళు.

రుజువు భారం గురించి ఒక మంచి విషయం ఉంది. ఫలానా మార్పు వల్ల నాకు నష్టం జరిగిందని ఉద్యోగి చూపించి వివరాలు ఇస్తే చాలు. కాదు, వేరే కారణం వల్ల అని నిరూపించాల్సింది కంపెనీ. కాబట్టి తేదీలు, బులెటిన్లు, పని ఏ షాపుకు పోయిందో, ఎవరు చెప్పారో ఆయన ఇప్పట్నుంచే ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మెకానికల్ షాపుల్లో పని కొంచెం కొంచెంగా జారిపోతుంది. ఈ నెల ఒక ఇంజన్ మోడల్ పోతుంది, ఆరు నెలలకు ఇంకోటి. లేఆఫ్ వచ్చేసరికి ఇది సరుకు తగ్గడం వల్లే అంటారు. అప్పుడు ఆ నోట్‌బుక్కే సాక్ష్యం.

ఇంటి విషయంలో తొందరపడొద్దని చెప్పండి. విలీనం వల్ల ఊరు మారాల్సి వచ్చినవాళ్ళకే ఇంటి నష్టం నిబంధన వర్తిస్తుంది, ముందే భయపడి అమ్ముకున్నవాళ్ళకు అది వర్తింపజేయడం చాలా కష్టం. నోటీసు చేతికి వచ్చి, ఆ ఒప్పందంలో తన పేరు ఏ జాబితాలో ఉందో చూసుకుని, యూనియన్ లోకల్ ఛైర్మన్‌తో మాట్లాడాకే ఇల్లు బేరానికి పెట్టమనండి.